అడుగుకి అంగుళం

ఈ వారం ఏ తారని గురించీ రాయడం లేదు. ఓ పడవని గురించి రాస్తున్నాను. "సినిమా పత్రికలో పడవ గోలేమిటయ్యా" అని పేజీ తిప్పెయ్యకండి. అది సినిమా పడవే. పైగా మా ఇంటి పడవ. కంచరపాలెంలో మా ముందుగదిలో, మంచానికీ టీవీకీ మధ్య, ఏడు నెలలు కాపురం చేసిన పడవ. పొడుగు 58 అంగుళాలు. దాన్ని దాటుకుంటూ నడిచి నడిచి మా అమ్మకి మోకాళ్ళ నొప్పులొచ్చాయి. (అమ్మ ఈ మాట ఒప్పుకోదు. పడవ రాకముందే ఉన్నాయంటుంది.)

కంచరపాలెం ఎక్కడుందో సినిమావాళ్ళకి ఇప్పుడు చెప్పక్కర్లేదు. 2018లో వెంకటేష్ మహా 'కేరాఫ్ కంచరపాలెం' తీసి మా సందుల్నీ, మా మనుషుల్నీ వెండితెరకి ఎక్కించాడు. అందులో వేషాలు వేసినవాళ్ళలో చాలామంది అంతకుముందు కెమెరా మొహం చూడని ఇక్కడివాళ్ళే. ఆ సినిమా వచ్చాక మా పేటలో ప్రతి మూడో కుర్రాడి దగ్గరా ఒక స్క్రిప్టు ఉంటోంది. అలాంటి కుర్రాళ్ళు నలుగురు ఒక సాయంత్రం మా ఇంటికొచ్చారు. సినిమా వ్యాసాలు రాసేవాణ్ణి కదా, నాకోసమే అనుకుని చొక్కా మార్చుకుని వచ్చాను. తీరా చూస్తే వాళ్ళొచ్చింది మా నాన్న కోసం!

"బాబాయ్, మాకో పడవ కావాలి" అన్నాడు డైరెక్టరు కుర్రాడు.

చాప మీద కూర్చుని కథ చెప్పాడు. 1942 ఏప్రిల్ 6. జపాను విమానాలు విశాఖ మీద బాంబులు వేసిన రోజు. జనం మూటాముల్లె సర్దుకుని ఊళ్ళు పట్టుకుపోయిన రోజులు. హార్బరులో ఒక జమీందారుగారి షికారు పడవ ఆగి ఉంటుంది. మోటార్ యాట్ అంటారు దాన్ని. టేకు డెక్కు, ఇత్తడి చట్రాల గుండ్రటి కిటికీలు, మధ్యలో పొగగొట్టం, వెనకాల క్యాన్వాసు పందిరి. జమీందారూ ఆయన పడవా కల్పితం, బాంబులు మాత్రం నిజం. ఆ పడవ తగలబడిపోవాలి. ఇరవై నిమిషాల సినిమాలో అదే పెద్ద సీను.

"కంప్యూటర్లో చేయించుకోవచ్చు కదా?" అన్నాన్నేను, తెలిసినవాడిలా.

"పడవ మొత్తం గ్రాఫిక్స్‌లో చెయ్యడానికి అడిగిన డబ్బులతో మా సినిమా రెండుసార్లు తియ్యొచ్చన్నా" అన్నాడు.

మా నాన్న ఏమీ మాట్లాడలేదు. రెండు చేతులూ చంకల్లో దాచుకుని కూర్చున్నాడు. అలా కూర్చున్నది చలికి కాదు. రెండేళ్ళుగా ఆయన చేతులు వణుకుతున్నాయి. టీ గ్లాసు సగానికి మించి నింపొద్దంటాడు.

* * *

మా నాన్న కంచరపాలెం ఐటీఐలో వడ్రంగం నేర్చుకుని షిప్‌యార్డులో చేరాడు. స్వతంత్ర భారతంలో మొదటి ఓడ 'జల ఉష'ని 1948 మార్చి 14న నెహ్రూ నీళ్ళలోకి దింపిన యార్డు అది. అప్పుడది సింధియా కంపెనీది. 1952లో హిందుస్థాన్ షిప్‌యార్డు అయింది. పేరు మారినా మావాళ్ళకి ఇప్పటికీ అది సింధియానే.

నాన్న పనిచేసిన చోటుని మౌల్డ్ లాఫ్ట్ అనేవారు. పెద్ద చెక్క నేల. దాని మీద ఓడ గీతలన్నీ అసలు సైజులో గీస్తారు. ఆ గీతల మీద చెక్క అచ్చులు కోస్తారు. ఆ అచ్చుల్ని బట్టి రేకులు కోస్తారు, వంచుతారు. నేల మీద అంగుళం తప్పు పడితే ఓడలో అంగుళం తప్పే. కంప్యూటర్లు వచ్చాక ఆ నేల మీద పని తగ్గిపోయింది. కానీ గీత చూడగానే వంపు ఎక్కడ చెడిందో చెప్పే కన్ను మాత్రం నాన్నకి పోలేదు.

ఆ కన్నుని నమ్ముకుని 1980లలో ఒక సినిమా కంపెనీ ఆయన దగ్గరకి వచ్చింది. నేనప్పటికి పుట్టలేదు. మన విశాఖ సముద్రం మీద మద్రాసు యూనిట్లకి మోజు బాగా ఉన్న రోజులు. సినిమా పేరు చెప్పను. ఒక లాంచీ నమూనా కావాలన్నారు. డ్యూటీ దిగి వచ్చాక, 20 రాత్రులు లాంతరు వెలుగులో కూర్చుని నాలుగడుగుల లాంచీ చేశాడు. కర్ర ఖర్చు మాత్రమే పుచ్చుకున్నాడు. ఒక రాత్రి బీచి పక్కన దాన్ని తగలబెట్టి షాటు తీసుకుని వెళ్ళిపోయారు.

సినిమా విడుదలైంది. నాన్న 11 మందికి టిక్కెట్లు కొన్నాడు. కొత్తగా పెళ్ళయిన మా అమ్మ, వాళ్ళ పుట్టింటివాళ్ళు, పక్కింటివాళ్ళు. అందరూ పడవ కోసం చూశారు. ఇంటర్వెల్ అయింది. క్లైమాక్సు అయింది. శుభం కార్డు పడింది. పడవ రాలేదు! ఆ షాటు ఎడిటింగులో ఎగిరిపోయింది. టైటిల్సులో పేరు కూడా లేదు. "ఏదిరా నీ పడవ?" అని ఎవరో అడిగితే అందరూ నవ్వారట. నాన్న ఇంటికొచ్చి ఉలులకి నూనె రాసి, గుడ్డలో చుట్టి, అటక మీద పెట్టేశాడు. మా ఇంట్లో 'నాన్న పడవ సినిమా' అంటే ఒక జోకు. నేనూ నవ్వుతూనే పెరిగాను.

కుర్రాళ్ళు వెళ్ళిపోయాక అడిగాను. "మళ్ళీ తగలెట్టడానికేనట. వద్దని చెప్పేయనా?"

నాన్న కాసేపాగి, "తగలెట్టినందుకు కాదురా నాకు బాధ" అన్నాడు. "తగలెట్టడానికే ఇచ్చేను. ఎవలికీ కనపడకండా పోయింది సూడు... అదీ."

తరవాత చేతులు బయటికి తీసి ఒకసారి చూసుకున్నాడు. "ఇయ్యి ఇలగున్నాయి. నీ సేతులు అరువిస్తావేటి?"

బి.ఏ. చదివి, పెన్సిలు చెక్కడం కూడా సరిగ్గా రానివాణ్ణి నేను. అయినా ఆ మాటకి కాదని ఎవరంటారు, మీరే చెప్పండి.

* * *

నమూనాలంటే మనవాళ్ళకి కొత్త కాదు. 'మాయాబజార్' (1957) మొదట్లో వెన్నెట్లో మెరిసే ద్వారకని చూసి మురిసిపోని తెలుగువాడు ఉంటాడా? అది 50 అడుగులకి 60 అడుగుల స్థలంలో, వాహినీ స్టూడియోలో కట్టిన బుల్లి ఊరు. సుమారు 300 చిన్న చిన్న ఇళ్ళు, వాటిలో విద్యుద్దీపాలు. కళాదర్శకులు గోఖలే, కళాధర్, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే. ఈ పేర్లు మనకి తెలుసు. ఆ 300 ఇళ్ళకీ గోడలు కోసి అంటించిన వడ్రంగుల పేర్లు ఎవరికైనా తెలుసా?

హాలీవుడ్ సంగతీ అంతే. 'టైటానిక్' (1997) కోసం జేమ్స్ కామెరాన్ మెక్సికో తీరంలో ఓడంత సెట్టు వేయించాడని గొప్పగా చెప్పుకుంటాం. దాంతో పాటు ఇరవయ్యో వంతు లెక్కన 44 అడుగుల నమూనా ఓడ కూడా కట్టించాడు. మనం నోరు తెరుచుకుని చూసిన కొన్ని షాట్లలో ఉన్నది ఆ బుల్లి ఓడే.

టైటానిక్ పేరు ఊరికే ఎత్తలేదు. మా పడవకీ దానికీ చుట్టరికం ఉంది.

1942 నాటి యాట్ అంటే ఎలా ఉంటుందో నాన్నకి బొమ్మలు కావాల్సి వచ్చాయి. ఫోన్‌లో వెతికి పాతిక పడవలు చూపించాను. అన్నీ చూసి ఒకదాని దగ్గర ఆగిపోయాడు. దాని పేరు 'సన్‌డౌనర్'. యజమాని పేరు చార్లెస్ లైటోలర్. టైటానిక్ మునిగిన రాత్రి బతికి బయటపడ్డ ఆఫీసర్లలో అందరికన్నా పెద్ద హోదా ఆయనదే. టైటానిక్ మునిగిన 1912లోనే బ్రిటిష్ నౌకాదళం కోసం కట్టిన ఆవిరి పడవ ఇది. లైటోలర్ 1929లో దాన్ని కొని మోటారు యాట్‌గా మార్చుకున్నాడు. 1940 జూన్ 1న, తన 66వ ఏట, పెద్ద కొడుకునీ ఒక సీ స్కౌటు కుర్రాణ్ణీ వెంటబెట్టుకుని డంకర్క్ వెళ్ళాడు. జర్మను విమానాలు పైనుంచి కాలుస్తుంటే 130 మంది దాకా సైనికుల్ని ఆ షికారు పడవలో కుక్కుకుని ఇంగ్లండుకి తిరిగొచ్చాడు. క్రిస్టఫర్ నోలన్ 'డంకర్క్' (2017)లో కొడుకుతో కలిసి సొంత పడవ వేసుకుని వెళ్ళే పెద్దాయన గుర్తున్నాడా? మార్క్ రైలాన్స్ వేసిన ఆ పాత్రకి ప్రేరణ ఈ లైటోలరే అంటారు.

నాన్నకి ఈ కథంతా చెప్పాను. విన్నాడు. ఆయన పట్టించుకున్నది ఒక్కటే.

"పొడుగెంత?"

"58 అడుగులు."

"అయితే 58 అంగుళాలు. అడుగుకి అంగుళం. లెక్క సుళువు."

* * *

అడుగుకి అంగుళం అంటే పన్నెండో వంతు. వినడానికి సుళువే! మూడడుగుల కమ్మీ మూడంగుళాలవుతుంది. మనిషి అయిదున్నర అంగుళాలవుతాడు. చిక్కంతా ఏమిటంటే, ఒక్కటి తగ్గించడం మరిచిపోయినా మొత్తం బొమ్మయిపోతుంది. మామూలు మేకు తల పన్నెండింతలు పెరిగితే చిన్న పళ్ళెమంత అవుతుంది. అలాంటి మేకులున్న పడవ ఎక్కడుంది? అందుకని మేకుల్లేవు. అంతా అంటించడమే.

ముందు వెన్నెముకలాంటి కీలు, దానికి అడ్డంగా పక్కటెముకలు. ప్లైవుడ్‌తో 15 ముక్కలు. నాన్న గీశాడు. చెయ్యి వణికినా గీత వంకర పోకుండా, స్కేలు మీద పేపర్‌వెయిట్లు పెట్టుకుని గీశాడు. నేను కోశాను. మొదటి నాలుగూ పారేశాం.

ఆ తరవాత పలకలు. కలప అడితిలో మిగిలిన టేకు ముక్కలు తెచ్చి రెండు మిల్లీమీటర్ల మందాన బద్దలు చీల్పించాం. వాటిని రాత్రంతా ప్లంబర్లు వాడే గొట్టంలో వేడినీళ్ళు పోసి నానబెట్టి, పొద్దున్నే వంచి పక్కటెముకల మీద అంటించాలి. ఎడమవైపు ఒకటి వేస్తే కుడివైపు ఒకటి వెయ్యాలి. ఇది నాన్న వందసార్లు చెప్పిన సూత్రం.

ఒకరోజు నాన్నని పరీక్షల కోసం అమ్మ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఆయన వచ్చేసరికి ఆశ్చర్యపరుద్దామని నేనొక్కణ్ణే కూర్చుని ఎడమవైపు వరసగా ఆరు పలకలు వేసేశాను. నున్నగా, బ్రహ్మాండంగా వచ్చాయి. నాన్న వచ్చి చూశాడు. ఏమీ అనకుండా నూలుదారం తీసి ముక్కు నుంచి తోక దాకా లాగి పట్టుకోమన్నాడు. కీలు మధ్యలో దారానికి నాలుగు మిల్లీమీటర్లు పక్కకి పోయింది. ఆరిన పలకలు ఒకవైపే లాగి పడవ నడుముని వంచేశాయి!

"అడుగుకి అంగుళం కదా. అసలు పడవలో రెండంగుళాలన్నమాట" అన్నాడు. "వంకర పడవ తిన్నగా పోదు. పీకేయ్."

పీకాను. పదకొండు రోజుల పని. నేను విసుక్కుంటే, "ఆల్లు తగలెట్టీసే పడవే కదా, నాలుగు మిల్లీమీటర్లకి ఏటవుద్దనుకుంటన్నావు కదూ?" అన్నాడు. సరిగ్గా అదే అనుకుంటున్నాను. "తగలడేటప్పుడు కూడా తిన్నగా ఉండాల" అన్నాడు. నేను నవ్వాను గానీ ఆయన నవ్వలేదు.

తరవాతి పనంతా ఊరు మీద పడి తిరగడమే. పొగగొట్టం, తాళ్ళు చుట్టే బుల్లి గుంజలు ఏటికొప్పాకలో లక్కబొమ్మల పనివారి దగ్గర అంకుడు కర్రతో తరిణె పట్టించాం. వరాహనది ఒడ్డున తరతరాలుగా బొమ్మలు చేసే ఊరది. గుంజ బొమ్మ చూపిస్తే ఆ పెద్దాయన కొలబద్ద కూడా పట్టకుండా ఎనిమిది గుంజలు చేసిచ్చాడు. ఇంటికొచ్చి కొలిస్తే ఎనిమిదీ ఒక్కటే సైజు! గుండ్రటి కిటికీలకి టార్పాలిన్ల చిల్లులకి వేసే ఇత్తడి రింగులు. కమ్మీలకి సైకిలు ఊచలు. లంగరు గొలుసు అమ్మ పాత గిల్టు నగల పెట్టెలోది. (అడిగే తీసుకున్నాం.) డెక్కు పలకల మధ్య తారు గీతలు కనిపించడానికి, సన్నటి బద్దల మధ్య నల్ల చార్టు కాగితం పెట్టి అంటించాం. లోపల ఫైబర్ గుడ్డ, రెసిన్. బయట లప్పం, ఎమిరీ కాగితం, మళ్ళీ లప్పం, మళ్ళీ ఎమిరీ. తెల్ల రంగు వేసే పని మాత్రం నాన్న నాకివ్వలేదు. కుడిచేతి మణికట్టుని ఎడమచేత్తో గట్టిగా పట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్కొక్క గీతా తనే వేశాడు. నేను వాకిట్లోకి వెళ్ళిపోయాను. చూడలేక కాదు, ఆయన్ని అలా చూస్తూ నిలబడటం బాగోదని.

* * *

అన్నిటినీ పన్నెండో వంతుకి తగ్గించాం. ఒక్కదాన్ని తగ్గించలేకపోయాం. నీళ్ళని!

నీటిబొట్టు నీటిబొట్టే. బుల్లి పడవ పక్కన అది గుమ్మడికాయంత కనిపిస్తుంది. అల కూడా బొమ్మ తొట్టెలో అలలా చకచకా లేచి పడిపోతుంది. పాత సినిమాల్లో ఓడ మునిగే సీను చూసి మనం "బొమ్మరా" అని పట్టేసేది ఓడని బట్టి కాదు, నీళ్ళని బట్టి. దీనికి సినిమావాళ్ళ మందు ఒకటుంది. కెమెరాని వేగంగా తిప్పడం. ఎంత వేగం? నమూనా ఎన్నో వంతో ఆ అంకెకి వర్గమూలమంత. 12కి వర్గమూలం సుమారు మూడున్నర. మామూలుగా సెకనుకి 24 ఫ్రేములు తీసేచోట 83 తియ్యాలి. దాన్ని మామూలు వేగంతో తెర మీద వేస్తే అల బరువుగా, పెద్దదిగా కదులుతుంది. పడవ వేగం కూడా అదే మూడున్నరో వంతుకి తగ్గాలి. కుర్రాళ్ళ కెమెరాలో 120 దాకా ఉంది. ఆ లెక్క బోధపడ్డాక డైరెక్టరు కుర్రాడు మా నాన్నని బాబాయ్ అనడం మానేసి గురువుగారూ అనడం మొదలెట్టాడు.

బరువు లెక్క ఇంకా చిత్రం. పొడుగు 12 వంతులు తగ్గితే బరువు 12 ఇంటూ 12 ఇంటూ 12, అంటే 1,728 వంతులు తగ్గాలి. ఇలాంటి పడవ 30 టన్నులుంటుందనుకుంటే మాది 17 కిలోలుండాలి. తూచితే ఏడే ఉంది. తేలిగ్గా ఉంటే బెండులా ఎగిరెగిరి పడుతుంది. ఫిషింగ్ హార్బరుకెళ్ళి వలలకి కట్టే సీసపు గుళ్ళు పది కిలోలు కొనుక్కొచ్చి కీలు పక్కన, అడుగున పేర్చాం.

ఇక తొట్టె. కుర్రాళ్ళు తమ డాబా మీద ఇటుకలు పేర్చి, టార్పాలిన్ పరిచి, 12 అడుగులకి 8 అడుగులు, అడుగున్నర లోతు తొట్టె కడతామన్నారు. నాన్న చాక్‌పీసు తీసుకుని గచ్చు మీద లెక్క వేశాడు. నాలుగు వేల లీటర్లు. నాలుగు టన్నులు! "మీ సినిమాలో బాంబు పడకముందే మీ ఇల్లు పడిపోద్ది" అన్నాడు. తొట్టె పక్కనున్న ఖాళీ స్థలంలోకి దిగింది.

షూటింగు రాత్రి పెట్టారు. యుద్ధకాలపు చీకటి కావాలి గనక లైట్లు తక్కువ. వెనకాల నల్లగుడ్డ. పడవని నీళ్ళలో దింపాం. నా గుండె ఆగినంత పనయింది. ఎటూ ఒరగలేదు. ముక్కు ఎత్తలేదు, తోక ముంచలేదు. నాన్న గీసిన నీటి గీత దగ్గరే సరిగ్గా ఆగింది. నాన్న అటు ఒకసారి, ఇటు ఒకసారి చూసి, "ఊఁ" అన్నాడు. ముప్ఫయ్యేళ్ళు దాటిన నా బతుకులో ఆయన నోటి నుంచి విన్న పెద్ద మెచ్చుకోలు అదే.

గేలం దారంతో మెల్లిగా లాగారు. ఏడడుగులు కదలడానికి మూడు సెకన్లు. మానిటరులో వేసి చూపిస్తే పది సెకన్లు. పది సెకన్ల పాటు ఒక పాతకాలపు షికారు పడవ, లోపల దీపం వెలుగుతూ, విశాఖ హార్బరులోకి నిండుగా, తీరుబడిగా వచ్చింది. చుట్టూ ఉన్న పేటజనం గప్‌చుప్. "సింధియాలో కట్టినదాన్లా ఉంది" అన్నారెవరో.

డైరెక్టరు కుర్రాడు నిప్పు షాటుకి ఏర్పాట్లు చెయ్యాలి. కిరసనాయిలు డబ్బా వచ్చింది. డబ్బా పట్టుకుని నిలబడ్డాడు. పడవ వంక చూశాడు, నాన్న వంక చూశాడు. "గురువుగారూ, నావల్ల కాదు" అన్నాడు. మంటా పొగా మాత్రం కంప్యూటర్లో పెట్టిస్తాడట. పడవ మొత్తం చెయ్యడం కన్నా అది చవకేనట.

నాన్న సంతోషిస్తాడనుకున్నాను. "మళ్ళీ ఆ కంప్యూటరేనా?" అని గొణిగాడు. కానీ ఇంటికొచ్చేటప్పుడు ఆటోలో పడవని ఒళ్ళో పెట్టుకుని, ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. దాన్ని పట్టుకున్నంతసేపూ ఆ చేతులు వణకలేదని నాకనిపించింది. ఆటో కుదుపులో సరిగ్గా తెలియలేదేమో మరి.

* * *

పడవ ఇప్పుడు బీరువా మీద ఉంది. సినిమా ఇంకా ఎడిటింగులో ఉంది. టైటిల్సులో ఏమని వెయ్యాలని కుర్రాళ్ళు అడిగితే నాన్న ఒక కాగితం మీద పేర్లు రాయించి ఇచ్చాడు. గుంజలు చేసిన ఏటికొప్పాక పెద్దాయన, బద్దలు చీల్చిన మిల్లు కుర్రాడు, నేను, గొలుసిచ్చిన అమ్మ. తన పేరు ఆఖర్న.

ఆ పది సెకన్లూ ఉంటాయో, పోతాయో! కథకి అడ్డమైతే తీసెయ్యాల్సిందే, అది ఎడిటరు ధర్మం. ఆ సంగతి నాకూ తెలుసు, నాన్నకీ తెలుసు. అందుకే పాఠకులకి నాదొక మనవి. సినిమా అయిపోయాక పేర్లు పైకి పోతుంటే వెంటనే లేచి స్కూటరు తాళాలు వెతుక్కోకండి. ఒక్క రెండు నిమిషాలు కూర్చోండి. ఆ పేర్ల వెనక ఎవరింట్లోనో, మంచానికీ టీవీకీ మధ్య, ఏడు నెలలు కాపురం చేసిన వస్తువేదో ఉంటుంది.

అమ్మ మాత్రం రోజూ సాయంత్రం దీపం పెట్టాక అడుగుతోంది. "ఆ ఎడిటింగు అయిపోయిందేటిరా?"

"ఇంకా లేదమ్మా."

"అయ్యాక ముందు నువ్వెళ్ళి సూసిరా. తరవాతే అందరికీ సెప్దాం."